అంటు కట్టిన చెయ్యి

ఇమ్మానుయేల్ పెన్సిల్ ఒక్కసారి కూడా గీత దాటలేదు.

సైకాలజీ ల్యాబ్‌లో అందరూ ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. బల్ల మీద నక్షత్రం బొమ్మ ఉంది. అది నేరుగా కనబడకుండా పైన ఒక అట్ట అడ్డం పెట్టారు. ఎదురుగా అద్దం. ఆ అద్దంలోకి మాత్రమే చూస్తూ, నక్షత్రం జంట గీతల మధ్యనుంచి పెన్సిల్ నడపాలి. అద్దంలో దగ్గరిది దూరమవుతుంది, దూరానిది దగ్గరవుతుంది. ఎటు పొమ్మంటే దానికి ఎదురు పోతుంది చెయ్యి. గీత దాటితే బజర్ మోగుతుంది. బి.ఎస్సీ. సైకాలజీలో చేరిన ప్రతివాళ్ళూ మొదటి ఏడాదే ఈ నక్షత్రం దగ్గర పరువు పోగొట్టుకుంటారు. తర్వాత సాధన చేసి నేర్చుకుంటారు. మూడేళ్ళయినా నేర్చుకోలేనివాడు ఇమ్మానుయేల్ ఒక్కడే. క్లాసులో అతని పేరు బజర్ బాబు.

ఆ బజర్ బాబు నక్షత్రాన్ని చుట్టివచ్చి పెన్సిల్ కింద పెట్టాడు. బజర్ మోగలేదు.

"బజర్ పాడైందేమో చూడండి సార్," అన్నారెవరో వెనకనుంచి.

"బజర్ బాగానే ఉంది. పాడైంది మీరు నాకు పెట్టిన పేరు," అన్నాడు ఇమ్మానుయేల్. "ఇంకో పేరు వెతుక్కోండి."

లెక్చరర్ డాక్టర్ సుగుణాకర్ అతని మణికట్టు నుంచి పట్టీ విప్పారు. ఆ పట్టీ వైరు రైస్ కుక్కరంత పెట్టెలోకి వెళుతోంది. పెట్టెకు రెండోవైపున్న పట్టీ అదే క్లాసు హిమజ చేతికి ఉంది. కాసేపటి క్రితం ఆమె ఆ నక్షత్రాన్ని పదేపదే గీసింది. ఇమ్మానుయేల్ పక్క కుర్చీలో చెయ్యి వదులుగా పెట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. అంతే. ఆమె చేతికి తెలిసింది అతని చేతికి తెలిసిపోయింది.

సుగుణాకర్‌ది కడియం అనే ఊరు. ఇంటిల్లిపాదీ నర్సరీ మనుషులు. అందుకే తన పెట్టెకు 'అంటు' అని పేరు పెట్టుకున్నారు. "ఒక చెట్టు కొమ్మ తెచ్చి ఇంకో మొక్కకి కడతాం చూడు, అలాగన్నమాట," అంటారు ఎవరడిగినా. పై నెలలో హైదరాబాదులోని ఒక పెద్ద ఆసుపత్రి వాళ్ళు చూడటానికి వస్తున్నారు. పేరున్న సర్జన్ చేతిలోని నైపుణ్యాన్ని కుర్ర డాక్టర్ల చేతులకు అంటు కట్టాలని వాళ్ళ కోరిక.

అందరూ ఇమ్మానుయేల్ వీపు చరుస్తుంటే హిమజ సరదాగా బల్ల ముందు కూర్చుని మరోసారి నక్షత్రం గీయబోయింది.

బజర్ మోగింది. మళ్ళీ మోగింది. ఆపకుండా మోగింది.

"నాకిచ్చేశావుగా, నీకింకేం మిగుల్తుంది?" అన్నాడు ఇమ్మానుయేల్.

అందరూ నవ్వారు. హిమజ కూడా నవ్వింది. చెయ్యి అలిసిపోయింది కాబోలు అనుకుంది.

ఆ డిపార్ట్‌మెంటులో ఒక పద్ధతి ఉంది. ఇవాళ నేను నీ ప్రయోగానికి సబ్జెక్టుగా కూర్చుంటాను, రేపు నువ్వు నాకు కూర్చోవాలి. మర్నాడు ఆమె ముగ్గురు స్నేహితురాళ్ళకు సబ్జెక్టుగా కూర్చుని సాయంత్రం దాకా నక్షత్రాలు గీసింది. చెయ్యి దారిలో పడింది. ఆ సంగతి అక్కడితో అందరూ మర్చిపోయారు.

మర్చిపోకుండా ఉండాల్సింది.

*

దానవాయిపేటలో హిమజ వాళ్ళ ముందుగదే 'మల్లేశ్వరి బ్యూటీ పార్లర్'. గదిలో ఒక కుర్చీ, నిలువుటద్దం, ఒక ఫ్యాను. కుర్చీలో కూర్చున్నవాళ్ళు ఐబ్రోస్ చేయించుకునేలోపు ఇంటి గుట్టంతా విప్పేస్తారు. కళ్ళు మూసుకుని, తల వెనక్కి వాల్చి, ఒక ఆడమనిషి తమ మొహం మీదికి వంగి ఉంటే మాట దానంతటదే వస్తుంది కాబోలు. హిమజ సైకాలజీ తీసుకోవడానికి సగం కారణం ఆ కుర్చీయే.

ఏడాది క్రితం హిమజ తల్లి మల్లేశ్వరికి చిన్న స్ట్రోక్ వచ్చింది. మాట పోలేదు, నడక పోలేదు. కుడిచేత్తో బిందె ఎత్తగలదు, పిండి పిసకగలదు. కానీ దారం పట్టుకుంటే వేళ్ళు తెల్లబోతాయి. పెన్ను పట్టుకున్నా అంతే. "చేతికి బలం ఉందమ్మా. దారి మర్చిపోయింది," అన్నాడు డాక్టరు.

అప్పట్నుంచీ పార్లర్ హిమజే నడుపుతోంది. కాలేజీకి ముందు కొంతమంది, వచ్చాక కొంతమంది. దారం ఒక కొస పళ్ళ మధ్య బిగించి, మిగతాది వేళ్ళకు మెలివేసి పట్టుకోవడం చిన్నప్పుడే తల్లి దగ్గర నేర్చుకుంది. అక్షరాలు దిద్దిన రోజుల్లోనే అదీనూ. స్కూలు నుంచి రాగానే పలక పక్కన పెట్టి, తల్లి మోకాలి మీదున్న నూగు మీద దారం ఆడించేది.

"ఏమ్మా సైకాలజీ, మా ఆయన మనసులో ఏముందో చెప్పు చూద్దాం," అంది ఆ సాయంత్రం కుర్చీలో ఉన్న రమణకుమారి. ఆవిడ టెలిఫోన్ ఆఫీసులో పనిచేస్తుంది. నెలకొకసారి ఇదే ప్రశ్న.

"కదిలితే కనుబొమ్మ తెగుద్దాంటీ," అంది హిమజ పళ్ళ మధ్య దారంతోనే.

"మీ ఆయన మనసులో ఏముంటుంది కుమారిగారూ, రాత్రికి కూరేంటా అని ఉంటుంది," అంది మల్లేశ్వరి స్టూలు మీదనుంచి.

ముగ్గురూ నవ్వారు. కానీ నవ్వుతూనే మల్లేశ్వరి కుడిచేతి వేళ్ళు ఒడిలో మెల్లగా కదులుతున్నాయి, లేని దారాన్ని పట్టుకోబోతున్నట్టు. అద్దంలో హిమజకు అది కనబడింది.

రమణకుమారి వెళ్ళాక మల్లేశ్వరి ఆ కుర్చీ వీపు తుడుస్తూ నిలబడింది. "పరీక్షలు దగ్గరకొచ్చాయి. నువ్వు చదువుకోవాలి. పార్లర్ మూసేద్దామే."

"మూసేసి నువ్వేం చేస్తావు?"

"టీవీ చూస్తా."

"నువ్వు టీవీ ముందు కూర్చున్న పావుగంటకే నిద్రపోతావమ్మా."

"అదేగా నేననేది. హాయిగా నిద్రపోతా."

ఆ గొంతులో హాయి ఎంత ఉందో తెలుసుకోవడానికి సైకాలజీ చదవక్కర్లేదు. హిమజ ఆ క్షణంలోనే నిర్ణయించుకుంది. ఫైనల్ ప్రాక్టికల్‌కు ప్రతి విద్యార్థీ బయటనుంచి ఒక సబ్జెక్టును వెంట తెచ్చుకోవాలి. చాలామంది హాస్టల్ వంటమనిషినో, పక్కింటి పెద్దాయననో బతిమాలి తెచ్చుకుంటారు.

తను అమ్మను తీసుకెళుతుంది.

*

"ఇష్టపూర్వకంగానే వచ్చారాండీ?" అని అడిగారు సుగుణాకర్. అడగడం నియమం.

"ఆయ్. ఆటోలో వచ్చానండి మాస్టారూ," అంది మల్లేశ్వరి.

సుగుణాకర్‌కు కొంచెం జంకుగానే ఉంది. నక్షత్రం నిన్న మొన్న నేర్చుకున్న విద్య. ఇది పదిహేనేళ్ళ అలవాటు. పెట్టెను ఎక్కువసేపు, ఎక్కువ బలంతో నడపాలి. "ఇంత పాత పనిని ఎప్పుడూ పంపలేదమ్మా," అన్నారు.

"అమ్మ చెయ్యి బాగానే ఉంది సార్. దారి ఒక్కటే చూపించాలి," అంది హిమజ. ఆయన కాదనలేకపోయారు.

ఒక చిక్కు మిగిలింది. పంపేవాళ్ళు ఆ పనిని నిజంగా చేస్తూ ఉండాలి. థ్రెడింగ్ చేయాలంటే ఒక మొహం కావాలి. పెట్టె నడపాల్సిన సుగుణాకర్‌ను వదిలేస్తే, ఆ గదిలో మిగిలిన మొహం ఇమ్మానుయేల్‌ది.

"నేను సాక్షిగా వచ్చాను," అన్నాడు ఇమ్మానుయేల్ వెనక్కి నడుస్తూ.

"కూర్చో బాబూ. సైన్సు కోసం," అంది మల్లేశ్వరి.

హిమజ దారం బిగించింది. ఇమ్మానుయేల్ కళ్ళలో నీళ్ళు కారుతున్నాయి. పక్క కుర్చీలో మల్లేశ్వరి చెయ్యి వదులుగా పెట్టుకుని, "కింద ఇంకో రెండున్నాయి చూడు, అదిగో అక్కడ," అని ఆనవాళ్ళు చెబుతోంది. ఒక కనుబొమ్మ పూర్తయ్యాక సుగుణాకర్ పెట్టె ఆపి పట్టీలు విప్పారు.

"ఇప్పుడు మీరండి."

మల్లేశ్వరి దారం అందుకుంది. కొస పళ్ళ మధ్య పెట్టుకుంది. వేళ్ళు ఒక్కక్షణం ఆగాయి. తర్వాత మెలి పడింది. దారం సర్రున జారి, వెనక్కొచ్చి, మళ్ళీ జారింది. ఇమ్మానుయేల్ కెవ్వుమన్నాడు. ఆమె వినిపించుకోలేదు. రెండో కనుబొమ్మ మొదటిదానికి జతగా, అంతే సన్నగా దిగింది.

పనంతా అయ్యాక ఆమె దారాన్ని పళ్ళలోంచి తీసి చూసుకుంది. కూతురి బుగ్గ మీద చెయ్యి వేసింది. కుడిచెయ్యి.

"నేనిప్పుడు హాస్టల్‌కి ఏ మొహం పెట్టుకుని వెళ్ళాలి?" అన్నాడు ఇమ్మానుయేల్ అద్దం చూసుకుంటూ.

"పెళ్ళికూతురి మొహం," అంది హిమజ. ప్రాక్టికల్ రికార్డు మీద సంతకం చేయబోయింది. సంతకం వంకరగా, ఏదో పాకినట్టుగా పడింది. ఆనందంతో చెయ్యి వణుకుతోంది అనుకుంది.

*

మర్నాడు క్లాసులో నోట్సు చెబుతున్నారు. హిమజ పెన్ను తీసి మొదటి మాట రాసింది.

పెన్ను మీద ఏ వేలు ఎక్కడ ఉండాలో చేతికి తెలియలేదు. అక్షరం ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు. కళ్ళు మూసుకుంటే కనబడుతోంది. చెయ్యి మాత్రం ఆ అక్షరాన్ని ఎప్పుడూ చూడనట్టు తడబడుతోంది. బ్యాగులోంచి దారం ఉండ తీసి వేళ్ళకు మెలివేయబోయింది. దారం చిక్కుపడి ఊరుకుంది.

ఉదయం అన్నం కలుపుకుంది. జడ వేసుకుంది. ఫోన్ బొటనవేళ్ళతో ఎప్పటిలాగే నొక్కింది. పోయినవి రెండే. దారం, రాత. డిగ్రీ పరీక్షలు ముంగిట్లో ఉన్నాయి. మూడు గంటలు కూర్చుని చేత్తో రాయాల్సిన పరీక్షలు.

ఇంటికి పరుగెత్తింది. పార్లర్‌లో ఇద్దరు కుర్చీ కోసం ఎదురు చూస్తున్నారు. మల్లేశ్వరి కొంగు బిగించి పనిలో ఉంది. ఏడాది తర్వాత ఆ గదిలో ఆమె గొంతు అంత గట్టిగా వినబడటం అదే మొదలు. తల్లి మొహం చూసి హిమజ తన మాట మింగేసి వంటింట్లోకి నడిచింది.

గట్టు మీద తండ్రి టిఫిన్ క్యారియర్ సర్ది ఉంది. సూర్యారావు ఆర్టీసీ డ్రైవరు, హైదరాబాదు సర్వీసు. అతని క్యారియర్ పైగిన్నెలో మల్లేశ్వరి ఎప్పుడూ ఒక చీటీ పెట్టేది. 'ముందు పప్పు తినండి', 'పెరుగు పులిసింది, ఏమనుకోకండి'. ఆమె అక్షరాలన్నీ ఎడమవైపుకు ఒరిగి ఉండేవి. మలుపులో బస్సు ఒరిగినట్టుందని సూర్యారావు ఎగతాళి చేసేవాడు. స్ట్రోక్ తర్వాత ఆ చీటీలు ఆగిపోయాయి.

ఇవాళ చీటీ ఉంది. 'నా చెయ్యి వచ్చేసింది. ముందు వంకాయ కూర తినండి.'

హిమజ దాన్ని వెలుగులోకి పట్టుకుంది. నిటారైన, గుండ్రని, ఒకదానికొకటి ఆనుకోని అక్షరాలు. మూడేళ్ళుగా క్లాసంతా అడిగి తీసుకుని ఫోటోలు తీసుకున్న నోట్సు రాత.

అది తన చేతిరాత.

*

"ఇచ్చినవాళ్ళను కొలవలేదు," అన్నారు సుగుణాకర్ మర్నాడు ల్యాబ్‌లో, హిమజ చెప్పిందంతా విని. "సబ్జెక్టును కొలిచాం. ముందు కొలిచాం, తర్వాత కొలిచాం. ఇచ్చినవాడు ప్రయోగం చేసేవాడు కదా, వాణ్ణెవరు కొలుస్తారు? సైకాలజీ ల్యాబ్‌లో పుట్టి పెరిగిన అలవాటమ్మా అది."

"ఆవేళ నేను అన్నాను కద్సార్, ఇచ్చేశావుగా అని," అన్నాడు ఇమ్మానుయేల్ మెల్లగా. "జోక్‌గా అన్నాను."

"మర్నాడు మళ్ళీ గీసి గీసి నేర్చేసుకుంది. మనందరం అంతే. ఇక్కడ నక్షత్రం గీయని రోజు ఎవరికుంది? అందుకే బయటపడలేదు." ఆయన పెట్టె మూత మీద చెయ్యి పెట్టారు. "నక్షత్రం లేత వేరు, ఒక్కటే వచ్చింది. థ్రెడింగ్ పాతది. పక్కనే పెరిగిన రాతని కూడా పట్టుకుని ఊడివచ్చింది. చిన్నప్పటినుంచీ మా నర్సరీలో చూస్తున్నాను. కొమ్మ కోయకుండా అంటు కట్టిన రోజు ఒక్కటీ లేదు. అంటు అని పేరు పెట్టింది నేను. కోత గురించి ఆలోచించనిదీ నేనే."

ఆయన ఫోన్ తీసి హైదరాబాదు ఆసుపత్రికి చేశారు. రావద్దని చెప్పారు. ఎందుకని వాళ్ళడిగితే, "మీ సర్జన్ గారు ఇంటికెళ్ళి చొక్కా గుండీలు పెట్టుకోలేకపోతారు," అన్నారు.

కూతురితో వచ్చిన మల్లేశ్వరి లేచి పెట్టె పక్క కుర్చీలో కూర్చుంది. పట్టీ అందుకుని కుడిచేతికి తనే చుట్టుకుంది.

"మాస్టారూ, వెనక్కి తిప్పండి."

"అమ్మా."

"నువ్వు మాట్లాడకు. తిప్పితే వెనక్కి వెళ్తుందాండి?"

"వెళ్తుందండి. కానీ మీ చెయ్యి మళ్ళీ..."

"మళ్ళీ పోతుంది. పోనీండి. నిన్న ఒక్కరోజు పని చేసుకున్నాను, అది చాలు. దీని డిగ్రీ పోయాక నేను ఎవరి కనుబొమ్మలు దిద్దితే ఏంటి?"

హిమజ ఆ పట్టీ విప్పబోయింది. తల్లి చెయ్యి లాక్కుంది. కూతురు పట్టుకుంది. కాసేపు ఇద్దరూ పెనుగులాడారు. గెలిచింది మల్లేశ్వరే. ఆ వేళ్ళలో ఇప్పుడు రెండు చేతుల పనితనం ఉంది.

"నేను మళ్ళీ నేర్చుకుంటానమ్మా. నక్షత్రం నేర్చుకోలేదూ?"

"పరీక్షల్లోపు నేర్చుకుంటావా?"

సుగుణాకర్ స్విచ్ మీద వేలు పెట్టి, ఎటూ తేల్చుకోలేక నిలబడ్డారు.

"స్క్రైబ్‌ని అడగొచ్చు కద్సార్?" అన్నాడు ఇమ్మానుయేల్. "చెయ్యి విరిగినవాళ్ళకు ఇస్తారుగా. మనం చెబుతుంటే వాళ్ళు రాస్తారు."

"ఇస్తారు. కానీ ఆ రాసేవాళ్ళు మనకంటే తక్కువ చదివినవాళ్ళయి ఉండాలి. సైకాలజీ అసలు తెలియకూడదు. మూడు గంటలు ఆగకుండా రాయగలగాలి. ఇంత తక్కువ వ్యవధిలో ఎవరు దొరుకుతారు?"

హిమజ తల్లి చేతి వంక చూసింది. చాలాసేపు చూసింది.

"అమ్మా, నువ్వు ఎంతవరకు చదివావు?"

"తెలీనట్టు అడుగుతావేంటే? టెన్త్."

"సైకాలజీ తెలుసా?"

"నీకు తెలిస్తే చాల్లే అనుకున్నాను."

ఇమ్మానుయేల్ సన్నటి కనుబొమ్మలు రెండూ పైకి లేచాయి.

*

పరీక్షల కంట్రోలర్ గారికి వాళ్ళు ఏదీ దాచలేదు. సుగుణాకర్ జరిగినదంతా చెప్పి తప్పు తనదేనన్నారు. కంట్రోలర్ గారు ముందు నమ్మలేదు. హిమజ చేత ఒక వాక్యం రాయించారు, మల్లేశ్వరి చేత అదే వాక్యం రాయించారు, హిమజ పాత జవాబుపత్రం తెప్పించి పక్కన పెట్టారు. తర్వాత కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"తల్లి రాయకూడదని నియమాల్లో ఎక్కడా లేదు. ఇలాంటిది వస్తుందని అవి రాసినవాళ్ళు అనుకుని ఉండరు. విడిగదిలో కూర్చోబెడతాను. గదిలో ఒక మేడమ్ ఉంటారు. కూతురు చెప్పిన మాట తప్ప ఇంకో మాట రాయకూడదు."

"మాట్లాడొచ్చాండి?" అంది మల్లేశ్వరి.

"కూడదు."

అది ఆమెకు కష్టమైన నియమం. మొదటి పేపరు రోజు, గంట కొడితే కుక్క నోట్లో నీళ్ళూరే ప్రయోగం దగ్గర ఆమె పెన్ను ఆగింది.

"గంట కొట్టి అన్నం పెట్టలేదా? పాపం, నోరులేని జీవి."

"రాయమ్మా."

"అమ్మగారూ, మాట్లాడకూడదండి," అంది ఎకనామిక్స్ మేడమ్.

"సరేనండి," అని మల్లేశ్వరి తల వంచి రాసింది. కానీ ఆ పేరా పూర్తయ్యేదాకా మొహం ముడుచుకునే ఉంది.

రోజులు గడిచేకొద్దీ ఇద్దరికీ లయ కుదిరింది. హిమజ కళ్ళు మూసుకుని, తల వెనక్కి వాల్చి చెబుతుంది. పార్లర్ కుర్చీలో కూర్చున్నవాళ్ళలాగే. మాట దానంతటదే వస్తుంది. తల్లి కాయితం మీదికి వంగి రాస్తుంది. మధ్యలో చెయ్యెత్తి, "అడిషనల్ షీట్ ఇప్పించండి," అని అడిగేటప్పుడు ఆమె గొంతులో దర్జా చూసి మేడమ్ నవ్వాపుకునేది.

చివరి పేపరులో ప్రశ్న నైపుణ్యం ఎలా అలవడుతుందో వివరించమని. హిమజ ఈసారి కళ్ళు మూసుకోలేదు. తల్లి చేతిని చూస్తూ, "పని మనకు గుర్తుండటం వేరు, మన చేతికి గుర్తుండటం వేరు," అని మొదలుపెట్టింది.

మల్లేశ్వరి ఒకసారి కూతురి వైపు చూసి, ఆ వాక్యం రాసింది.

*

ఫలితాలు వచ్చాయి. హిమజకు మొదటి తరగతి, ఎమ్మెస్సీలో సీటు. ఈలోపు ఇంట్లో పలక దిగింది. మధ్యాహ్నం పార్లర్ ఖాళీగా ఉన్నప్పుడు మల్లేశ్వరి కూతుర్ని ఆ కుర్చీలోనే కూర్చోబెట్టి, వెనక నిలబడి, చెయ్యి మీద చెయ్యి వేసి దిద్దించేది.

"చిన్నప్పుడే నయం. అప్పుడింత వాదించేదానివి కాదు," అనేది.

చిత్రం ఏమిటంటే, రాతకు హిమజ అనుకున్నంత కాలం పట్టలేదు. మొదట గిలుకులే. తర్వాత అక్షరం కుదురుకుంది. ఆపైన చెయ్యి తనంతట తాను ఉరికింది. ఒకరోజు తల్లికి బేరం తగిలితే తనే క్యారియర్ సర్ది, చీటీ రాసి పైగిన్నెలో పెట్టింది.

మర్నాడు పొద్దున్న సూర్యారావు డ్యూటీ దిగి వచ్చాడు. చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలో నిలబడ్డాడు. జేబులోంచి చీటీ తీశాడు.

"మల్లీ, నీ రాత నీకు తిరిగొచ్చిందే."

"నాకెక్కడిదండీ? అది అమ్మాయి రాసింది."

"డ్రైవింగు సీట్లో కూర్చుని ఇన్నేళ్ళు చదివాను. నీ రాత నాకు తెలీదా?" అని చీటీ చాపాడు. 'ముందు పప్పు తినండి నాన్నా.' అక్షరాలన్నీ ఎడమవైపుకు ఒరిగి ఉన్నాయి. మలుపులో బస్సు ఒరిగినట్టు.

తల్లీకూతుళ్ళు ఆ చీటీ మీదికి వంగారు. దిద్దించినప్పుడు మల్లేశ్వరి చేతిలో ఉన్నది నిటారైన రాత. ఒరిగిన రాత ఆ ఇంట్లో ఇప్పుడు ఎవరి చేతిలోనూ లేదు. ఉండకూడదు.

హిమజ ఫోన్ తీసింది. స్పీకరులో సుగుణాకర్ గొంతు మొదట నిద్రమత్తుగా ఉంది. విన్న తర్వాత మత్తు వదిలింది.

"అంటే ఆవిడ చేతిలోని రాత పోలేదన్నమాట. దారి మూసుకుపోయి లోపలే ఉంది. నీది అటు వెళ్ళినప్పుడు అది ఇటు వచ్చింది. దిద్దేకొద్దీ నీ చేతిలో దారి తెరుచుకుంది. ఎవరూ ఊరికే ఇవ్వలేదు, ఎవరూ ఊరికే తీసుకోలేదు," అన్నారాయన. "అమ్మా హిమజా, ఎమ్మెస్సీలో నీ ప్రాజెక్టు ఏంటో ఆలోచించుకున్నావా?"

"ఇప్పుడే సార్."

"ఈసారి ఇద్దర్నీ కొలుద్దాం."

ఫోన్ పెట్టేసి హిమజ లోపలికెళ్ళి దారం ఉండ తెచ్చుకుంది. కొస పళ్ళ మధ్య పెట్టి వేళ్ళకు మెలివేసింది. అటు వెళ్ళినదానికి బదులు రాత వచ్చిందంటే, దారం కూడా వచ్చి ఉండాలి కదా. మల్లేశ్వరి కుర్చీలో కూర్చుని, తల వెనక్కి వాల్చి, కళ్ళు మూసుకుంది.

దారం కొంచెం తడబడింది. ఆగింది. తర్వాత సర్రున జారింది.

"కదలకమ్మా," అంది హిమజ.

"కదలట్లేదే. ఇంతకీ మీ నాన్న మనసులో ఏముందో చెప్పు సైకాలజీ."

"టిఫినేంటా అని," అన్నాడు సూర్యారావు గుమ్మంలో చెప్పులు విప్పుతూ.